గ్యాస్ అనుకుంటారు.. పరధ్యానం అనుకుంటారు.. గాలి సోకిందంటారు! పిల్లల్లో ఇట్టే పొరబడే నరాల జబ్బులివే

నెలల బిడ్డ నిద్ర లేవగానే ఒళ్లంతా ముడుచుకుంటే 'కడుపులో గ్యాస్' అంటారు. మూడో క్లాసు పాప పాఠం మధ్యలో శూన్యంలోకి చూస్తూ ఆగిపోతే 'పరధ్యానం' అంటారు. చేతిలో గ్లాసు పదే పదే జారిపడితే 'అజాగ్రత్త'. హుషారుగా తిరిగే పిల్ల వారం రోజుల్లో నిద్రమాని అరుపులు, కేకలు మొదలుపెడితే.. 'గాలి సోకింది'.

ఈ నాలుగింటి వెనకా మెదడుకు సంబంధించిన జబ్బు ఉండొచ్చు. ప్రతిసారీ ఉంటుందని కాదు. గ్యాస్‌తో ఏడ్చే పసిపిల్లలే ఎక్కువ, క్లాసులో కిటికీలోంచి బయటికి చూసే పిల్లలే ఎక్కువ. అసలు చిక్కు అక్కడే ఉంది. చాలామందిలో మామూలుగా కనిపించేదే ఏ ఒక్కరిలోనో జబ్బు లక్షణం అవుతుంది.

పైగా 'నాకు పది సెకన్ల పాటు ఏమీ తెలియలేదు' అని పిల్లలు చెప్పలేరు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆ పది నిమిషాల్లో ఆ లక్షణం కనిపించదు. కొన్ని జబ్బుల్లో స్కాన్ తీసినా నార్మల్ అనే వస్తుంది. దాంతో నెలలు గడిచిపోతాయి. కొన్నిటికి ఆ ఆలస్యం పెద్దగా నష్టం చేయదు. మరికొన్నిటికి మాత్రం ఒక్కో వారం లెక్కే.

సలాం చేస్తున్నట్టు ముడుచుకుంటుంటే..

ఆలస్యం చేయకూడని జబ్బుల్లో మొదట చెప్పాల్సింది ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ గురించి. సాధారణంగా మొదటి పుట్టినరోజు లోపే, ఎక్కువగా 4 నుంచి 8 నెలల మధ్య మొదలవుతుంది. బిడ్డ తల ముందుకు వాల్చి, చేతులు ఒక్కసారి చాపి లేదా దగ్గరికి లాక్కుని, కాళ్లు కడుపులోకి ముడుస్తుంది. ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ వస్తుంది. అలా వరుసగా పది, ఇరవై, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. నిద్ర లేచిన వెంటనే ఎక్కువగా కనిపిస్తుంది. మధ్యలో బిడ్డ ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసే అందరూ కడుపునొప్పి అనుకుంటారు. గ్రైప్ వాటర్ పడతారు, వాము నీళ్లు పడతారు, దిష్టి తీస్తారు.

ఫిట్స్ అంటే మనకు తెలిసింది ఒకటే.. కింద పడిపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట్లో నురగ. ఇక్కడ అవేవీ ఉండవు. కానీ ఇది మూర్ఛే. అందులోనూ తీవ్రమైన రకం.

దీన్ని మొదట వర్ణించింది కూడా ఒక తండ్రే. ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్‌లో ప్రాక్టీస్ చేసే డాక్టర్ విలియం జేమ్స్ వెస్ట్ తన సొంత కొడుకుకు వస్తున్న ఈ కదలికల గురించి 1841లో లాన్సెట్ వైద్య పత్రికకు లేఖ రాశారు. బాబుకు నాలుగో నెలలో మొదలైంది. మొదట తల చిన్నగా ముందుకు వంగేది, రానురాను అది పెరిగింది, హుషారైన బిడ్డ నవ్వడం మానేశాడు. పళ్లు వస్తున్నాయేమో అనుకుని చిగుళ్లు కోశారు, జలగలు పెట్టారు, విరేచనాల మందు ఇచ్చారు. ఏదీ పని చేయలేదు. తోటి డాక్టర్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండని ఆ లేఖలో అడిగారు. ఆయన సంప్రదించిన లండన్ వైద్యుల్లో ఒకరు దీనికి పెట్టిన పేరులో మనకు బాగా తెలిసిన మాటే ఉంది. సలాం! వంగి సలాం చేస్తున్నట్టు ఉంటుందని ఆ పేరు. ఇప్పుడు దీన్ని ఆ తండ్రి పేరుతోనే వెస్ట్ సిండ్రోమ్ అంటున్నారు. విచిత్రం ఏంటంటే, 'పళ్లు వస్తున్నాయిలే' అనే మాట ఇప్పటికీ మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంటుంది.

ఆ తండ్రికి లేనిది మనకు ఉంది. ఈఈజీ. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడులోని విద్యుత్ తరంగాలను రికార్డు చేసే ఈ పరీక్షలో వెస్ట్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు గీతలు కొండలు, లోయల్లా చిందరవందరగా కనిపిస్తాయి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, లేచేటప్పుడు కూడా రికార్డు చేస్తే దొరికే అవకాశం ఎక్కువ. అందుకే చిన్నపిల్లలను నిద్రపుచ్చి ఈఈజీ తీస్తారు.

ట్రీట్‌మెంట్ కూడా ఉంది. ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ దీనికి పని చేస్తుందని 1958లో తెలిసింది. ఇప్పుడు ఏసీటీహెచ్‌తో పాటు ఎక్కువ మోతాదులో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, విగాబాట్రిన్ అనే మందు వాడుతున్నారు. మామూలు ఫిట్స్ మందులు దీనిమీద అంతగా పని చేయవు. స్పాజమ్స్ మొదలైన తర్వాత ఎంత త్వరగా సరైన మందు పడితే బిడ్డ ఎదుగుదలకు అంత మంచిది. మెడ నిలబెట్టిన బిడ్డ మళ్లీ మెడ వాల్చేయడం, నవ్వే బిడ్డ నవ్వడం మానేయడం, అమ్మ ముఖం వైపు చూడకపోవడం.. ఇవి కనిపించాయంటే వచ్చే వారం చూద్దాం అనుకోకూడదు.

కారణాలు చాలా ఉన్నాయి. మన దేశంలో ఎక్కువగా కనిపించేవి పుట్టినప్పుడు ఆక్సిజన్ అందకపోవడం, పుట్టిన మొదటి రోజుల్లో రక్తంలో చక్కెర బాగా పడిపోవడం. అందుకే పుట్టగానే ఐసీయూలో ఉన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఈ లక్షణం మీద ఓ కన్నేసి ఉంచాలి. బిడ్డ ఒంటిమీద ఆకు ఆకారంలో తెల్ల మచ్చలుంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు సమస్య ఉందేమో చూస్తారు. ఆ పిల్లలకు విగాబాట్రిన్ బాగా పని చేస్తుంది.

'క్లాసులో వినడు' అన్న కంప్లైంట్ వెనక..

ఇది స్కూలు పిల్లల సమస్య. 4 నుంచి 10 ఏళ్ల మధ్య మొదలయ్యే ఆబ్సెన్స్ మూర్ఛ. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతారు. చూపు ఒకచోట నిలిచిపోతుంది. కనురెప్పలు టపటపా కొట్టుకోవచ్చు, పెదాలు చప్పరించవచ్చు. సుమారు పది సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టు ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడతారు. పడిపోరు, మూత్రం పోదు, అలసటా ఉండదు. రోజుకు పదులసార్లు వచ్చినా ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు.

స్కూల్లో మాత్రం తెలుస్తుంది. డిక్టేషన్‌లో మధ్య మాటలు ఎగిరిపోతాయి. ఎక్కం పది వరకూ వచ్చి ఆగుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో 'శ్రద్ధ లేదు' అన్న మాట వినిపిస్తుంది. కొంతమందికి ఏడీహెచ్‌డీ అనే ముద్ర పడుతుంది, కొంతమందికి దెబ్బలు పడతాయి. తనకు తెలియకుండా జరిగేదానికి ఓ పిల్లాడు దెబ్బలు తినడం కంటే అన్యాయం ఏముంటుంది?

తేడా ఎలా తెలుస్తుంది? ఆలోచనల్లో పడ్డ పిల్లాడిని పేరుపెట్టి పిలిచినా, భుజం తట్టినా ఈ లోకంలోకి వస్తాడు. ఆబ్సెన్స్ వచ్చినప్పుడు పిలిచినా, తట్టినా రాడు. పరధ్యానం బోర్ కొట్టినప్పుడు వస్తుంది. ఇది ఆటలో, అన్నం తింటున్నప్పుడు, ఇష్టమైన కార్టూన్ మధ్యలో కూడా వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి న్యూరాలజిస్టులు చేసే పరీక్ష చూస్తే ఆటలా అనిపిస్తుంది. పిల్లలకు కాగితం గాలిమర ఇచ్చి మూడు నిమిషాల పాటు ఆపకుండా ఊదమంటారు. వేగంగా శ్వాస తీసి వదులుతుంటే చాలామంది పిల్లల్లో ఆబ్సెన్స్ అక్కడే, డాక్టర్ ముందే వచ్చేస్తుంది. ఈఈజీలో సెకనుకు మూడు చొప్పున ఒకే రకం అలలు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లల నరాల జబ్బుల్లో ఇంత సులువుగా తేలే జబ్బు, ఇన్నాళ్లు తేలకుండా ఉండే జబ్బు.. రెండూ ఇదే!

మందు సంగతికొస్తే, అమెరికాలో 453 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఎథోసక్సిమైడ్, వాల్ప్రోయేట్ రెండూ బాగా పని చేశాయని, ఏకాగ్రత మీద ఎథోసక్సిమైడ్ ప్రభావం తక్కువని అందులో తేలింది. మరో ముఖ్యమైన విషయం ఉంది. వేరే రకం మూర్ఛలకు వాడే కార్బమాజెపైన్, ఫెనిటాయిన్ లాంటి మందులు ఇక్కడ పని చేయకపోగా సమస్యను పెంచొచ్చు. కాబట్టి 'ఫిట్స్ మందు' అని పక్కింటి వాళ్ల చీటీ చూసి తెచ్చుకునే వ్యవహారం కాదిది. పెద్దయ్యేకొద్దీ చాలామంది పిల్లల్లో ఇది తగ్గిపోతుంది.

ఫిట్స్‌లా కనిపించి ఫిట్స్ కానివి

పొరపాటు రెండో వైపు కూడా జరుగుతుంది. ఏడాది, రెండేళ్ల పిల్లలు బొమ్మ లాక్కున్నా, దెబ్బ తగిలినా గుక్కపట్టి ఏడుస్తారు. ఊపిరి బిగబట్టి పెదాలు నీలం రంగులోకి మారి, ఒళ్లు వాలిపోతుంది. కొందరికి ఒకట్రెండు కుదుపులు కూడా వస్తాయి. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. కానీ ఇది మూర్ఛ కాదు. ఏడుపో, భయమో, నొప్పో ముందు ఉంటుంది, ఆ తర్వాతే ఇది వస్తుంది. స్కూలు వయసు వచ్చేసరికి పోతుంది. వీళ్లలో చాలామందికి ఐరన్ తక్కువగా ఉంటుంది, ఐరన్ సిరప్‌తో గుక్కలు తగ్గుతాయి. దీనికి ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు వాడాల్సిన పని లేదు.

ఇంకోటి ఇంత తేలిక కాదు. పరిగెడుతూనో, ఈత కొడుతూనో, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడో స్పృహ తప్పి పడిపోయే పిల్లల్లో సమస్య మెదడులో కాకుండా గుండెలో ఉండొచ్చు. లాంగ్ క్యూటీ అనే గుండె లయ సమస్య అచ్చం మూర్ఛలాగే కనిపిస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. మొదటిసారి పడిపోయిన పిల్లలకు ఈఈజీతో పాటు ఈసీజీ కూడా తీయాలని డాక్టర్లు చెప్పేది అందుకే. చవకైన పరీక్ష. అడిగి మరీ తీయించుకోవచ్చు.

చేతిరాత చెడిందా? గుండె కూడా చూపించాలి

నిన్నమొన్నటి దాకా ముత్యాల్లా రాసిన పాప నోట్‌బుక్‌లో అక్షరాలు సడెన్‌గా గీతలు దాటుతున్నాయి. అన్నం ముద్ద నోటి దాకా వెళ్లేలోపు చెయ్యి పక్కకు పోతోంది. కుదురుగా కూర్చోలేకపోతోంది, ముఖం చిట్లిస్తోంది. ఊరికే ఏడుస్తోంది, ఊరికే కోపం. ఇంట్లో 'వేషాలు' అంటారు, స్కూల్లో 'అల్లరి' అంటారు.

ఇది సిడెన్‌హామ్ కొరియా కావొచ్చు. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ పేరుతో పిలుస్తారు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో, ఎక్కువగా ఆడపిల్లల్లో వస్తుంది. అసలు కారణం గొంతులో ఉంటుంది. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాతో గొంతునొప్పి వస్తుంది, దానంతట అదే తగ్గిపోతుంది. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలు వారాలు, నెలల తర్వాత పొరపాటున మెదడు లోపలి భాగాల మీద పడతాయి. రుమాటిక్ జ్వరంలో ఇదొక రూపం. గొంతునొప్పి వచ్చి ఇన్నాళ్లయింది కాబట్టి రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

డాక్టర్లు పాపను 'నా రెండు వేళ్లు గట్టిగా పట్టుకో' అంటారు. పట్టు ఒకే బిగువులో ఉండదు. బిగుస్తూ, వదులవుతూ ఆవు పాలు పితికినట్టు ఉంటుంది. నాలుక బయటపెట్టి ఉంచమంటే ఉంచలేదు, లోపలికీ బయటికీ ఆడుతుంది. నిద్రపోతే ఈ కదలికలన్నీ ఆగిపోతాయి. అది చూసి 'కావాలనే చేస్తోంది' అని తేల్చేసేవాళ్లు ఉంటారు. నిజానికి నిద్రలో ఆగిపోవడం ఈ జబ్బు స్వభావం.

కదలికలు కొన్ని నెలల్లో సాధారణంగా తగ్గిపోతాయి. అసలు ప్రమాదం గుండె కవాటాలకు. అందుకే కొరియా ఉన్న ప్రతి పిల్లకూ ఎకో తీయాలి. గొంతు ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఇస్తారు. నొప్పిగా ఉంటుందని, పాప బాగానే ఉందిగా అని మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. మానేస్తే జ్వరం తిరగబెట్టి గుండె దెబ్బతినే ముప్పు ఉంది.

భూతవైద్యుడి దగ్గరికి కాదు.. న్యూరాలజిస్టు దగ్గరికి

పదకొండేళ్ల పిల్ల అనుకుందాం. నాలుగు రోజులు కొద్దిగా జ్వరం, తలనొప్పి. తర్వాత నిద్ర లేదు. ఎవరో కనిపిస్తున్నారంటుంది. అమ్మను గుర్తుపట్టనట్టు చూస్తుంది, అరుస్తుంది, కొరుకుతుంది. ఇంకో వారానికి మాటలు తగ్గిపోయి, అన్నమాటే మళ్లీ మళ్లీ అంటుంది, తర్వాత అదీ ఉండదు. నోరు, నాలుక విచిత్రంగా కదులుతుంటాయి. ఫిట్స్ వస్తాయి. లేదంటే బొమ్మలా బిగుసుకుని పడుకుంటుంది.

మన దగ్గర ఈ కథ సాధారణంగా ఎటు వెళ్తుందో తెలిసిందే. తాయెత్తు, దర్గా, భూతవైద్యుడు. చదువుకున్న కుటుంబమైతే సైకియాట్రిస్టు. పట్నంలో పుట్టినా పల్లెలో పుట్టినా నరాల డాక్టర్ దాకా వచ్చేసరికి ఆలస్యమే. ఈ విషయంలో మనల్ని మనం మరీ తిట్టుకోనక్కర్లేదు. 2007 వరకు ప్రపంచంలో ఎక్కడా ఈ జబ్బుకు సరైన పేరే లేదు. ఆ ఏడాది పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పని చేస్తున్న స్పెయిన్ న్యూరాలజిస్టు జోసెప్ డాల్మావ్ బృందం దీని గుట్టు విప్పింది. మెదడు కణాల మీద ఉండే ఎన్ఎండీఏ రిసెప్టార్లపై శరీరంలోని యాంటీబాడీలే దాడి చేస్తున్నాయని తేల్చింది. పేరు యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టార్ ఎన్‌సెఫలైటిస్. మొదట గుర్తించిన రోగుల్లో అండాశయంలో ట్యూమర్ ఉన్న ఆడవాళ్లున్నారు. చిన్నపిల్లల్లో మాత్రం ట్యూమర్ లేకుండానే ఎక్కువగా వస్తుంది.

ఈ జబ్బు జనానికి తెలిసింది ఒక జర్నలిస్టు వల్ల. న్యూయార్క్ పోస్ట్ రిపోర్టర్ సుసానా కహలాన్‌కు 2009లో, 24 ఏళ్ల వయసులో ఇది వచ్చింది. తాగుడు అన్నారు, మానసిక సమస్య అన్నారు. చివరికి డాక్టర్ సుహెల్ నజ్జార్ ఆమెకు కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. 1 నుంచి 12 దాకా అంకెలన్నీ గడియారానికి ఒకవైపే వేసింది. మెదడులో ఒక సగం వాచిందని ఆయనకు అర్థమైంది. ఆమె కోలుకుని రాసిన 'బ్రెయిన్ ఆన్ ఫైర్' పుస్తకం 2012లో వచ్చింది, తర్వాత సినిమా కూడా అయింది.

దీనికి ఎమ్మారై నార్మల్‌గా రావొచ్చు. వెన్నులోంచి తీసిన నీటిలో ఆ యాంటీబాడీ ఉందో లేదో చూడాలి. వెన్నులో సూది అనగానే మన వాళ్లు భయపడతారు, 'కాళ్లు పడిపోతాయట' అంటారు. పరీక్ష కోసం నీళ్లు తీసేది వెన్నుపాము ఆగిపోయే చోటికి కింద. అందుకే కాళ్లు పడిపోతాయన్న భయం అక్కర్లేదు. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడితో మొదలుపెట్టి, తగ్గకపోతే రిటుక్సిమాబ్ లాంటి మందులు ఇస్తారు. 577 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో రెండేళ్లు గడిచేసరికి సుమారు 80 శాతం మంది బాగా కోలుకున్నారు. ట్రీట్‌మెంట్ త్వరగా మొదలైనవాళ్లు మరింత బాగా కోలుకున్నారు. కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో కుటుంబం ఓపిక పట్టడమే కష్టం.

పొద్దున నడుస్తాడు, సాయంత్రానికి పడిపోతాడు

సెరిబ్రల్ పాల్సీ అని ముద్ర పడిన పిల్లల్లో కొందరికి అసలు ఆ జబ్బే ఉండదు. నిద్ర లేచినప్పుడు కాళ్లు బాగానే ఉంటాయి. మధ్యాహ్నానికి మునివేళ్ల మీద నడక, సాయంత్రానికి పాదాలు మెలితిరిగి పడిపోవడం. పడుకుని లేస్తే మళ్లీ బాగుంటుంది. జపాన్ డాక్టర్ మసాయా సెగావా 1970ల్లో ఈ జబ్బును వివరించారు. డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా, లేదా సెగావా వ్యాధి. మెదడులో డోపమిన్ తయారీకి కావలసిన ఎంజైమ్ తక్కువ కావడమే కారణం. దానికి సంబంధించిన జన్యువును 1994లో గుర్తించారు.

మందు ఏంటో తెలుసా? పార్కిన్సన్స్ ఉన్న తాతలకు ఇచ్చే లెవోడోపా. చిన్న మోతాదు చాలు. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లలు రోజుల్లో లేచి నడిచిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అమెరికాలోని శాన్ డియాగోకు చెందిన కవల పిల్లలకు రెండేళ్ల వయసులో సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఆ తల్లి ఓ పాత పత్రికా కథనం చదివి అనుమానించింది. లెవోడోపాతో ఇద్దరూ మారిపోయారు. కొన్నేళ్లకు పాపకు ఊపిరి సమస్య మొదలైతే, బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్ శాస్త్రవేత్తలు ఆ ఇద్దరి జన్యువులను మొత్తం చదివారు. సెరటోనిన్ కూడా తక్కువగా తయారవుతోందని 2011లో తేల్చి దానికీ మందు చేర్చారు. పాప మళ్లీ ఆటల్లో పడింది.

కాన్పు సమస్య లేకుండా పుట్టి, ఎమ్మారై నార్మల్‌గా ఉండి, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా కనిపించే పిల్లలకు సెరిబ్రల్ పాల్సీ అని ఫైల్ మూసేసే ముందు లెవోడోపా ఇచ్చి చూడమని న్యూరాలజీ పాఠాలు చెబుతాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలందరూ ఈ మందుతో నడుస్తారని మాత్రం దీనర్థం కాదు.

ఇలాంటిదే, మన దేశంలోనే ఎక్కువగా కనిపించేది ఇంకొకటి ఉంది. తల్లిపాలు తప్ప వేరే తిండి మొదలుపెట్టని ఏడాది బిడ్డ. మందకొడిగా ఉంటుంది, కూర్చునే బిడ్డ కూర్చోదు, జుట్టు పలచగా గోధుమ రంగులో, వేళ్ల కణుపులు నల్లగా, చేతులు వణుకుతూ ఉంటాయి. తల్లికి బి12 లోపం ఉంటే పాలలోనూ ఉండదు. భారత శిశువుల్లో ఈ లోపం గురించి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు 1962లోనే లాన్సెట్‌లో రాశారు. బి12 ఇంజెక్షన్లు పడితే బిడ్డ కొద్ది రోజుల్లోనే ముఖంలోకి చూసి నవ్వడం మొదలుపెడుతుంది. ఆలస్యమైతే మాత్రం కొంత లోటు మిగిలిపోవచ్చు.

ఏళ్ల కిందట వచ్చిన తట్టు మళ్లీ తలుపు తడితే..

పైన చెప్పిన వాటిలో చాలావాటికి మందు ఉంది. దీనికి లేదు. పేరు ఎస్ఎస్‌పీఈ. చిన్నప్పుడు తట్టు, అంటే పొంగు వచ్చి తగ్గిపోతుంది. వైరస్ మాత్రం కొందరి మెదడులో దాక్కుంటుంది. ఆరేడేళ్లు, ఒక్కోసారి పదేళ్ల తర్వాత బయటపడుతుంది. మొదట మార్కులు పడిపోతాయి, ప్రవర్తన మారుతుంది. టీచర్లు, తల్లిదండ్రులు మందలిస్తారు. కొన్ని వారాలకు ఒళ్లు ఉన్నట్టుండి కుదుపుతుంది, తల వాలుతుంది, నడుస్తూ నడుస్తూ పడిపోతాడు. ఆ కుదుపులు ఇంచుమించు ఒకే విరామంతో వస్తుంటాయి. ఈఈజీలో కూడా అదే లయ కనిపిస్తుంది. వెన్ను నీటిలో తట్టు యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే జబ్బు ఖాయం. మందులతో కుదుపులు తగ్గించవచ్చు గానీ చాలామంది పిల్లలు ఒకటి నుంచి మూడేళ్లలో చనిపోతారు.

రెండేళ్లలోపు తట్టు సోకిన పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. ఆపే మార్గం ఒక్కటే, టీకా. ప్రభుత్వ టీకాల పట్టికలో ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య ఇస్తారు. డబ్బులు కట్టక్కర్లేదు. అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో దొరుకుతుంది. రెండో డోసు మర్చిపోయిన పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఆశా వర్కర్‌ని అడిగితే చెబుతారు.

చేతిలో ఫోన్ ఉందిగా.. వీడియో తీయండి

ఈ జబ్బుల్లో చాలావాటికి డాక్టర్‌కు అన్నిటికంటే పనికొచ్చే సాక్ష్యం మీ ఫోన్‌లో తీసిన వీడియోనే. 'ఏదో ఒళ్లు ముడుచుకుంది సార్' అని చెప్పడం కంటే 30 సెకన్ల వీడియో వందరెట్లు నయం. తీసేటప్పుడు ముఖం ఒక్కటే కాకుండా తల నుంచి పాదాల దాకా కనిపించాలి. దుప్పటి తీసేయండి, లైట్ వేయండి. ఒకరు పేరు పెట్టి పిలుస్తూ, మెల్లగా తట్టుతూ ఉంటే బిడ్డ స్పందిస్తుందా లేదా అనేదీ రికార్డవుతుంది. అయిపోయిన తర్వాత కూడా ఒక నిమిషం ఆపకుండా తీయండి. పసిబిడ్డల్లో వరుసగా వస్తుంటే మొత్తం వరుసను తీయండి. ఎన్నింటికి వచ్చింది, నిద్రలోనా, లేచాకా, ఏడ్చాకా అన్నది రాసిపెట్టుకోండి. సెగావా అనుమానమైతే పొద్దున నడక, సాయంత్రం నడక రెండూ తీయాలి. ఆ వీడియో డాక్టర్ కోసమే. ఫ్యామిలీ గ్రూపులో, స్టేటస్‌లో పెట్టడానికి కాదు.

ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ వస్తే మాత్రం ఫోన్ ఇంకొకరికిచ్చి ముందు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో స్పూన్ పెట్టడం.. వీటిలో ఏదీ చేయొద్దు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఎక్కడికి వెళ్లాలన్నది చాలామందికి వచ్చే ప్రశ్న. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ స్కూళ్లలో ఉచితంగా పరీక్షిస్తారు. మూర్ఛ, ఎదుగుదల లోపాలు, రుమాటిక్ గుండె జబ్బు ఆ జాబితాలో ఉన్నవే. అనుమానం ఉంటే జిల్లా స్థాయిలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపిస్తారు. వెళ్లేటప్పుడు వీడియోతో పాటు పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు తీసుకెళ్లాలి. స్కూలు పిల్లలైతే ఈ ఏడాది నోట్‌బుక్ ఒకటి, పోయినేడాదిది ఒకటి. రాత ఏ నెలలో మారిందో చూస్తే జబ్బు ఎప్పుడు మొదలైందో డాక్టర్‌కు అక్కడే తెలిసిపోతుంది.